ఫోన్ కొత్త వెర్షన్ కొనాలా, పాతదే చాలా? పక్కపక్కన పెట్టి పోల్చడం ఎలా

మా పిన్నికి విజయవాడ పటమటలో ఇంట్లోనే చీరల వ్యాపారం. మంగళగిరి నేత చీరలు తెచ్చి, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతుంది. మొన్న వేసవిలో ఫోన్ చేసి, "ఒరేయ్, ఫోన్ మార్చుదామని కొట్టుకెళ్లా. పోయినేడు మోడలే తీసుకుంటే ఐదు వేలు తక్కువంట. ఈ ఏడాదిది చూస్తే అచ్చం దానిలాగే ఉంది. ఏది తీసుకోమంటావ్?" అని అడిగింది. ఇలాంటప్పుడు నోటికొచ్చింది చెప్పి పెట్టేయడం నాకు అలవాటే, తర్వాత తిట్లు తినడమూ అలవాటే. ఈసారి మాత్రం రెండు ఫోన్లూ చేతిలోకి తీసుకునేదాకా ఏమీ చెప్పనన్నాను.

ఒకే ఫోన్ కొత్త, పాత వెర్షన్లను పోల్చేటప్పుడు చాలామంది ఆ రెండింటినే చూస్తారు. నన్నడిగితే మూడోదాన్ని కూడా పక్కన పెట్టాలి. అది ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోన్. నాలుగేళ్ల ఫోన్ వాడుతున్నవాళ్లకు పోయినేడు మోడలైనా, ఈ ఏడాది మోడలైనా పెద్ద గెంతే. ఆ గెంతు మీద ఇంకో జానెడు ఎత్తు కోసం ఐదు వేలు పెట్టాలా అన్నదే అసలు లెక్క.

1. ముందు మీ ఫోన్ మీద ఫిర్యాదులు రాయండి

కాగితం తీసుకుని, ఇప్పుడున్న ఫోన్‌తో మీకున్న ఇబ్బందులు మూడు రాయండి. మూడే. పది రాస్తే అందులో ఏడు ప్రకటనల్లో చూసినవే అయి ఉంటాయి. గుర్తు రాకపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడు చోట్ల చూడండి: బ్యాటరీని ఏ యాప్ ఎక్కువ తింటోంది, స్టోరేజ్‌లో ఎంత మిగిలింది, రోజుకు ఏ యాప్‌లో ఎంతసేపు గడుపుతున్నారు. చివరిది ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ కింద, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ కింద ఉంటుంది.

పిన్ని రాసిన మూడు ఇవి. చీర ఒక రంగు, ఫొటోలో ఇంకో రంగు. సాయంత్రం నాలుగయ్యేసరికి చార్జింగ్ నిల్. రోజూ "స్టోరేజ్ ఫుల్" అని గోల. ఫోన్ స్లో అని మాత్రం ఆవిడ అనలేదు. అంటే ప్రాసెసర్ గురించి కొట్టతను ఎంత చెప్పినా ఆవిడకు అనవసరం.

మీ కాగితం మీద ఉన్నది బ్యాటరీ ఒక్కటే అయితే కొత్త ఫోన్ సంగతి కాసేపు పక్కన పెట్టి, బ్యాటరీ మార్పిస్తే ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఐఫోన్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చూసుకోవచ్చు. ఐఫోన్ 14 వరకు బ్యాటరీలను 500 చార్జింగ్ సైకిళ్ల (ఒక సైకిల్ అంటే బ్యాటరీ మొత్తం ఒకసారి ఖాళీ అయ్యేంత వాడకం) తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా, ఐఫోన్ 15 నుంచి 1000 సైకిళ్లకు ఆ 80 శాతం నిలిచేలా తయారు చేశామని యాపిల్ చెబుతుంది. మీది 80 కంటే కిందికి దిగితే ముసలిదైంది ఫోన్ కాదు, బ్యాటరీ.

2. పేరు పూర్తిగా రాసుకోండి

ఇది చిన్న పనే కానీ ఇక్కడ తప్పితే మిగతాదంతా వృథా. ఒకే పేరుకు వెనక 5జీ, ప్రో, ప్లస్, లైట్ అని తోకలుంటాయి. తోక మారితే ఫోనే మారిపోతుంది. "నోట్ సిరీస్‌లో కొత్తది" అని కాకుండా పూర్తి పేరు, ర్యామ్ (యాప్‌లు నడిచేటప్పుడు ఫోన్ వాడుకునే మెమరీ), స్టోరేజ్ రాసుకోండి. వీలైతే డెమో ఫోన్‌లో అబౌట్ ఫోన్ తెరిచి మోడల్ నంబర్ కూడా.

పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి లోపలి సరుకు వేరు కావచ్చు. శాంసంగ్ గెలాక్సీ ఎస్24 దీనికి మంచి ఉదాహరణ. 2024 జనవరిలో విడుదలైనప్పుడు అమెరికాలో అది స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 3 చిప్‌తో (చిప్ అంటే అదే, ప్రాసెసర్) వచ్చింది, మన దేశానికి ఎగ్జినోస్ 2400 చిప్‌తో వచ్చింది. దాని ముందుది, ఎస్23, మన దగ్గర కూడా స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2తోనే దొరికింది. అప్పట్లో అమెరికా వాళ్ల యూట్యూబ్ వీడియోలో బ్యాటరీ టెస్ట్ చూసి ఇక్కడ కొన్నవాళ్లు వేరే ఫోన్ టెస్ట్ చూసినట్టే. వీడియో చూసే ముందు అది మన దగ్గర అమ్మే ఫోనో కాదో తెలుసుకోండి.

3. స్పెసిఫికేషన్లు పక్కపక్కన రాసి, ఒకేలా ఉన్నవి కొట్టేయండి

కంపెనీ వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. రెండు నిలువు వరసలు గీసి, ఎడమవైపు పాతది, కుడివైపు కొత్తది రాయండి. రెండింట్లో ఒకేలా ఉన్న ప్రతి వరసనూ పెన్నుతో అడ్డంగా కొట్టేయండి. ఎక్కువ జ్ఞానోదయం అయ్యేది ఇక్కడే.

ఎస్23, ఎస్24నే చూడండి. వెనక కెమెరాలు 50, 12, 10 మెగాపిక్సెళ్లు, రెండింట్లోనూ అవే. కొట్టేయండి. ర్యామ్ 8 జీబీ, కొట్టేయండి. చార్జింగ్ 25 వాట్లు, అదీ కొట్టేయండి. మిగిలినవి: స్క్రీన్ 6.1 అంగుళాల నుంచి 6.2కు, బ్యాటరీ 3,900 నుంచి 4,000 ఎంఏహెచ్‌కు, స్క్రీన్ గరిష్ఠ వెలుగు 1,750 నుంచి 2,600 నిట్స్‌కు (నిట్స్ అంటే తెర వెలుగుకు కొలత), చిప్, అప్‌డేట్లు. బ్యాటరీలో పెరిగింది రెండున్నర శాతం. కాగితం మీద తేడానే గానీ సాయంత్రానికి మీకు తెలియదు. దాన్నీ, స్క్రీన్ సైజునూ కూడా కొట్టేస్తాను నేనైతే. ఇక నిలిచేవి వెలుగు, చిప్, అప్‌డేట్లు.

ఐఫోన్ 13, 14 ఇంకా దగ్గరి చుట్టాలు. 2021లో వచ్చిన 13లోనూ, 2022లో వచ్చిన 14లోనూ అదే ఏ15 చిప్. 14లో గ్రాఫిక్స్ కోర్ ఒకటి ఎక్కువ, ర్యామ్ 4 నుంచి 6 జీబీ అయింది, మెయిన్ కెమెరా సెన్సర్ (వెలుతురును పట్టే భాగం) పెద్దదైంది. దూరం నుంచి చూస్తే ఏది ఏదో చెప్పడం కష్టం. అదే 14 నుంచి 15కు వెళ్తే యూఎస్‌బీ-సీ వచ్చింది, మెయిన్ కెమెరా 48 మెగాపిక్సెళ్లయింది. అంకె ఒక్కటే పెరిగినా ఒక ఏడాది మార్పు అణా వంతు, ఇంకో ఏడాది రూపాయి వంతు. అంకెను చూసి అంచనా వేయకండి.

మిగిలిన వరసల్లోనూ మనల్ని బోల్తా కొట్టించేవి కొన్నున్నాయి. "16 జీబీ ర్యామ్" అని పెద్దక్షరాల్లో రాసి, కింద చీమంత అక్షరాల్లో "8+8" అని ఉంటే, రెండో 8 అసలు ర్యామ్ కాదు. స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. అసలు ర్యామ్‌తో పోలిస్తే అది చాలా నెమ్మది. మెగాపిక్సెళ్లు పెరిగి సెన్సర్ సైజు తగ్గిందంటే అది మెరుగుదలని నేనైతే అనను, ముఖ్యంగా తక్కువ వెలుతురులో. స్టోరేజ్ రకం యూఎఫ్ఎస్ 2.2 నుంచి, ఇంకా వేగమైన 3.1కు మారితే మాత్రం దాన్ని గుండ్రంగా చుట్టండి. యాప్‌లు తెరుచుకోవడంలో, పెద్ద ఫైళ్లు కాపీ అవడంలో చేతికి తెలిసే తేడా అది, దాన్ని ఎవరూ పెద్దగా ప్రచారం చేయరు.

4. కొత్తదాంట్లో ఏం పోయిందో వెతకండి

కంపెనీ వాళ్లు ఏం కలిపామో చెబుతారు. ఏం తీసేశామో చెప్పరు. అది మనమే చూసుకోవాలి.

గెలాక్సీ ఎస్20 నుంచి 2021లో ఎస్21కు మారినప్పుడు మెమరీ కార్డు స్లాట్ పోయింది, బాక్సులో చార్జర్ పోయింది, వెనక గాజు పోయి ప్లాస్టిక్ వచ్చింది, స్క్రీన్ రిజల్యూషన్ 1440 పిక్సెళ్ల వెడల్పు నుంచి 1080కి దిగింది. అయినా అది "కొత్త వెర్షనే". అంతకుముందు ఏడాది ఐఫోన్ 12తో యాపిల్ కూడా బాక్సులోంచి చార్జర్, ఇయర్‌ఫోన్లు తీసేసింది. తక్కువ ధర ఫోన్లలో ఇలా మాయమయ్యేవి ఇయర్‌ఫోన్ జాక్, కార్డు స్లాట్, అల్ట్రావైడ్ కెమెరా. చార్జర్ లేకపోతే దాని ఖరీదు కొత్త ఫోన్ ధరకు కలుపుకోండి.

5. అప్‌డేట్ల లెక్క వేయండి

ఐదు వేలు తక్కువ అని పాత వెర్షన్ తీసుకునేవాళ్లు మర్చిపోయేది ఇదే. అప్‌డేట్లు ఇన్నేళ్లు ఇస్తాం అని కంపెనీ చెప్పే గడువు ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి నడుస్తుంది. మీరు ఎప్పుడు కొన్నారన్నది దానికి పట్టదు. కొట్లో ఏడాది పాటు అరలో కూర్చున్న ఫోన్ అక్కడే ఒక ఏడాది వయసు కరగదీసుకుంటుంది.

ఎస్23 వచ్చింది 2023 ఫిబ్రవరిలో. నాలుగు ఆండ్రాయిడ్ అప్‌గ్రేడ్లు, ఐదేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు అన్నారు. అంటే 2028. ఎస్24కు ఏడేళ్లు అన్నారు. అంటే 2031. విడుదలలో తేడా ఏడాది కూడా లేదు, గడువులో తేడా మూడేళ్లు. ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు ఫోన్‌లో ఉన్నవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు లేని ఫోన్‌ను ఏళ్ల తరబడి వాడటం మంచిది కాదు. కాబట్టి కొత్త వెర్షన్‌లో ఇంకేమీ మారకపోయినా ఈ ఒక్క వరస కోసం డబ్బు పెట్టొచ్చు. ఫోన్‌ను రెండేళ్లకోసారి మార్చేసే అలవాటున్నవాళ్లకు ఇది పట్టదు, దాటి వెళ్లిపోవచ్చు.

6. కొట్టుకెళ్లి రెండూ చేతిలోకి తీసుకోండి

విజయవాడలో అయితే బీసెంట్ రోడ్డు, ఏలూరు రోడ్డు, గుంటూరులో అయితే బ్రాడీపేట, అరండల్‌పేట. ఎక్కడైనా సరే, వారం మధ్యలో పొద్దున పదకొండు ప్రాంతంలో వెళ్లండి. సాయంత్రం వెళ్తే ఆ రద్దీలో డెమో ఫోన్ ఒక నిమిషం కూడా మీ చేతిలో ఉండదు. పాత మోడల్ డెమో తీసేశామంటే ఇంకో కొట్టుకు వెళ్లండి, లేదా ఆ ఫోన్ వాడే చుట్టాన్నో పక్కింటివాళ్లనో పట్టుకోండి. వాళ్ల ఫోనే నిజానికి మేలు, ఏడాది వాడకం తర్వాత ఎలా ఉందో కూడా తెలుస్తుంది.

మేం వెళ్లిన రోజు పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో మడత పెట్టిన చీరొకటి తెచ్చింది. నెమలికంఠం రంగు ఒళ్లు, మిరపపండు ఎరుపు అంచు. "ఈ చీర ఫొటో సరిగ్గా వచ్చే ఫోన్ నాకు ప్రపంచంలో కనపళ్లేదురా" అంది. నెమలికంఠం అంటే నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. కెమెరాలకు ఆ మధ్య రంగు చిక్కదు, ఏదో ఒక పక్కకు లాగేస్తాయి. కొనేవాళ్లు నీలం చీరనుకుని తెప్పించుకుని, వెనక్కి పంపేస్తారు.

ముందు కొట్లో ట్యూబ్‌లైట్ కింద పరిచి రెండు ఫోన్లతోనూ తీశాం. తర్వాత గుమ్మం దగ్గర, నీడపట్టున, పగటి వెలుతురులో. కొత్త ఫోన్ తెర మీద ఫొటో మిలమిలలాడిపోతోంది. కొట్లో కుర్రాడు "చూశారా ఆంటీ" అన్నాడు. అక్కడే ఆగి ఉంటే కొత్తదే కొనేవాళ్లం. నేను రెండు ఫోన్లలోని ఫొటోలనూ పిన్ని పాత ఫోన్‌కు వాట్సాప్ చేయించాను. కారణం రెండు. ఒక్కో ఫోన్ తెర ఒక్కోలా రంగు చూపిస్తుంది కాబట్టి ఫొటోలను పోల్చాలంటే రెండింటినీ ఒకే తెర మీద చూడాలి. పైగా కొనేవాళ్లకు చేరేది వాట్సాప్ నలిపి పంపిన ఫొటోనే గానీ కెమెరాలో ఉన్నది కాదు.

ఒకే తెర మీద చూస్తే కొత్తదాని ఫొటోలో చీర శుభ్రంగా నీలం అయిపోయింది. పాతదాంట్లో రంగు కాస్త డల్‌గా ఉన్నా నెమలికంఠానికి దగ్గరగా ఉంది. కొత్తదాని కెమెరా సెట్టింగ్స్‌లో సీన్‌ను బట్టి రంగులు పెంచే ఆప్షన్ ఆపేసి మళ్లీ తీశాం. ఈసారి రెండు ఫొటోల మధ్య తేడా పిన్ని కూడా చెప్పలేకపోయింది. "అయితే ఇంతేనా?" అంది. అంతే.

మీకు చీరలతో పని లేకపోవచ్చు. మీ పనిలో ఉన్నదాన్నే పట్టుకెళ్లండి. పిల్లల నోట్సు స్కాన్ చేసేవాళ్లు ఒక నోటుపుస్తకం, బిల్లులు పంపుకునేవాళ్లు మాసిపోయిన బిల్లు ఒకటి. డెమో ఫోన్‌లో ముందే నింపి ఉంచిన పర్వతాలూ పువ్వులూ చూసి ఏమీ తేల్చకండి.

కెమెరా అయ్యాక ఎండ. బెజవాడ మే నెల ఎండలో, నలభై దాటిన వేడిలో పనిచేయాల్సిన ఫోన్ అది, ఏసీ షోరూమ్‌లో కాదు. రెండింటికీ ఆటో బ్రైట్‌నెస్ పెట్టి, కుర్రాణ్ని వెంటబెట్టుకుని గుమ్మం బయటికి వెళ్లి, ఒకే మెసేజ్ రెండింట్లోనూ తెరిచి చదవండి. డెమో ఫోన్లు చాలావరకు పూర్తి వెలుగులో పెట్టి ఉంటాయి, అందుకే ఆటో అన్నాను. 2,000, 3,000 నిట్స్ అని రాసే అంకెలు తెరలో చిన్న భాగం కాసేపు చేరుకునే గరిష్ఠం. తెర మొత్తం అంత వెలగదు. ఎండలో కళ్లు చికిలించకుండా చదవగలిగితే చాలు. ఆ తర్వాత రెండింట్లోనూ ఐదు నిమిషాలు 4కే వీడియో రికార్డింగ్ ఆన్ చేసి వదిలేయండి. ఏది ముందు వేడెక్కుతుందో, ఏది తనంతట తానే వెలుగు తగ్గించేసుకుంటుందో చూడండి. మన ఊళ్లకు ఈ పరీక్ష బెంచ్‌మార్క్ స్కోర్ల (వేగాన్ని కొలిచే యాప్‌లు ఇచ్చే మార్కుల) కంటే ఎక్కువ చెబుతుంది.

ఇంకొన్ని త్వరగా అయిపోయేవి. తెలుగులో వాయిస్ టైపింగ్ చేసి చూడండి. స్పీకర్‌లో పాట పెట్టి పూర్తి సౌండ్‌లో గొంతు చీరుకుపోతోందేమో వినండి. వేలికి కాస్త తడి చేసుకుని ఫింగర్‌ప్రింట్ పెట్టండి. ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలితో పై మూల అందుతుందో లేదో చూడండి. 0.1 అంగుళం పెరిగిన ఫోన్ చీర కొంగు సందులో పట్టదని పిన్ని నాకు చెప్పేదాకా ఆ కోణం నాకు తట్టలేదు.

రాత్రి ఫొటోలు కొట్లో తేలవు. ఆ ఫోనున్న స్నేహితుడెవరైనా ఉంటే చీకటి పడ్డాక ప్రకాశం బ్యారేజీ వైపు నడిచి, దీపాలు నీళ్లలో పడే చోట నాలుగు తీసుకురమ్మనండి.

నెట్‌వర్క్ సంగతి. మన దగ్గర 5జీ మొదలైంది 2022 అక్టోబరులో. జియో 5జీ విజయవాడ, గుంటూరులకు ఆ ఏడాది డిసెంబరు 26న వచ్చింది. 5జీ పేరుతో అంతకుముందు, అంటే 2020-21లో అమ్మిన కొన్ని ఫోన్లలో 5జీ బ్యాండ్లు (సిగ్నల్ అందుకునే ఫ్రీక్వెన్సీలు) ఒకటో రెండో మాత్రమే ఉండేవి. సెకండ్ హ్యాండ్‌లో పాత వెర్షన్ తీసుకునేవాళ్లు బ్యాండ్ల జాబితాలో ఎన్28, ఎన్78 రెండూ ఉన్నాయో లేవో చూడాలి. కొత్త ఫోన్లలో ఈ బెంగ పెద్దగా అక్కర్లేదు.

7. ఇప్పుడు డబ్బు లెక్క

"అన్ని ఆఫర్లూ పోను నా చేతి నుంచి పడేది ఎంత?" అని రెండింటికీ అడగండి. కార్డు డిస్కౌంట్ మీ దగ్గర ఆ కార్డుంటేనే లెక్క. వడ్డీ లేని ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉండొచ్చు, అదీ కలపండి. జీఎస్టీ ఫోన్ల మీద 2020 ఏప్రిల్ నుంచి 18 శాతం. బాక్సు మీది ఎంఆర్‌పీలో అది కలిసే ఉంటుంది, విడిగా ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

తర్వాత ఆ మొత్తాన్ని అప్‌డేట్లు మిగిలిన ఏళ్లతో భాగించండి. పిన్ని చూసినవాటిలో పాతది 18,000, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకో మూడేళ్లు. అంటే ఏడాదికి 6,000. కొత్తది 23,000, నాలుగేళ్లు. ఏడాదికి 5,750. చూశారా, ఐదు వేలు ఎక్కువున్నదే ఏడాది లెక్కన చవక. నేను కొత్తదే తీసుకోమన్నాను.

పిన్ని తన కాగితం బయటికి తీసింది. ఆ రెండు ధరలూ 128 జీబీవి. పాతదాంట్లోనే 256 జీబీ 21,000కు ఉందని కుర్రాడు అప్పుడు చెప్పాడు. రెండింట్లోనూ కార్డు స్లాట్ లేదు, బ్యాటరీ రెండింట్లోనూ ఒకటే, రంగులో తేడా లేదని ఇందాకే తేలిపోయింది. మిగిలిన ఫిర్యాదు స్టోరేజ్ ఒక్కటే. "మూడేళ్ల తర్వాత సంగతి మూడేళ్ల తర్వాత చూద్దాంలే" అని పాతదాని 256 తీసుకుంది. నేనింకా ఒప్పుకోలేదు గానీ, కాగితం ప్రకారం చూస్తే ఆవిడదే కరెక్టు. మీరు కూడా కొత్తదాని తక్కువ స్టోరేజ్‌ను పాతదాని ఎక్కువ స్టోరేజ్‌తో ఒకసారి పోల్చి చూడండి. ఈ అడ్డ లెక్క కొట్లో వాళ్లు తమంతట తాము చెప్పరు.

8. బిల్లు వేయించే ముందు

పాత వెర్షన్ కొంటుంటే బాక్సు మీద తయారీ నెల, సంవత్సరం చూడండి. మరీ పాత స్టాక్ అయితే బ్యాటరీ అన్నాళ్లూ ఊరికే పడి ఉన్నట్టు, ఇంకో పీసు అడగండి. సీల్ మీ ముందే తీయించండి. డయలర్‌లో *#06# కొడితే ఐఎంఈఐ నంబర్లు (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్లు) కనిపిస్తాయి. అవి బాక్సు మీదా, బిల్లులోనూ ఉన్నవాటితో అంకె అంకె సరిపోవాలి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో మెట్టు ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, ఖాళీ వదిలి, 15 అంకెల ఐఎంఈఐ రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే ఆ నంబరు వివరాలు వస్తాయి. బ్లాక్ చేసిన ఫోన్ అని వస్తే మాట్లాడకుండా బయటికి నడవండి.

పాత ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేవాళ్లు వరస తప్పొద్దు. ముందు వాట్సాప్ బ్యాకప్, ఆ తర్వాత కొత్త ఫోన్‌లో చాట్లూ ఫొటోలూ తెరిచి చూసుకోవడం, ఆ తర్వాతే పాతదాంట్లో గూగుల్ అకౌంట్ తీసేసి ఫ్యాక్టరీ రీసెట్. కొట్లో కౌంటర్ దగ్గర హడావుడిగా రీసెట్ కొట్టి, నాలుగేళ్ల ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు.

పిన్ని ఫోన్‌కు ఎక్స్ఛేంజ్‌లో 1,200 ఇస్తామన్నారు. ఆవిడ ఇవ్వలేదు. ఇప్పుడది రోజంతా చార్జర్‌కు వేలాడుతూ, బాబాయికి పొద్దున్నే సుప్రభాతం వినిపిస్తోంది.